వరుసలు లేని ఫోటో

మేడ్చల్,
24 నవంబర్ 2002

అన్నకు,

నీ చెల్లె రోజ రాసేది. నేను, ప్రియాంక ఇక్కడ బాగున్నాం. నీ బిడ్డకు పోయిన వారం పట్టిన జలుబు తగ్గింది. ఊళ్ళో వదిన, అమ్మ బాగున్నారు. చెరువు సంగతి అడిగావు. ఈ ఏడు కూడా శామీర్‌పేట చెరువులో నీళ్ళు తూముకు అందలేదు. మొన్న బస్సులో పోతూ చూస్తే నువ్వు వల వేసే చోట బర్రెలు మేస్తున్నాయి. వల కోసం నువ్వు నాగ్‌పూర్ నుంచి ఇప్పుడే పరుగెత్తుకు రావలసిన పని లేదు.

ఈ కవరులో ఒక ఫోటో పెట్టాను, మడత పడకుండా అట్ట కూడా పెట్టాను. నేను పాఠం చెప్పే ఐదో తరగతి ఫోటో ఇది. నీకు కొంచెం వింతగా ఉంటుంది, అందుకే ముందే చెబుతున్నాను. ప్రతి ఏడూ ఫోటో స్టూడియో సిద్దిరాములు గారు వచ్చి, బల్లలు వేయించి, పొట్టివాళ్ళను ముందు, పొడుగువాళ్ళను వెనక నిలబెట్టి, మా హెడ్మాస్టర్ సుశీల మేడంను నడుమ కుర్చీలో కూర్చోబెట్టి తీసేవారు. పిల్లలు సూది మందుకు వచ్చినట్టు ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఒక్క ముఖంలోనూ ఆ పిల్ల, ఆ పిల్లవాడు కనబడేవారు కాదు. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉండేది.

ఈసారి బాలల దినోత్సవం నాడు అందరూ రంగుల బట్టల్లో వచ్చారు. నేనే మేడంను అడిగాను, ఈ ఒక్క ఏడు బల్లలు వద్దు, వరుసలు వద్దు, పిల్లలు ఎక్కడ ఎట్లా ఉంటే అట్లాగే తీయిద్దామని. పట్నంలో పెద్ద బడులలో ఇప్పుడు ఇట్లాగే తీస్తున్నారు. మేడం "తల్లిదండ్రులు వచ్చి అడిగితే జవాబు నువ్వే చెప్పుకోవాలి" అన్నారు. సిద్దిరాములు గారు కెమెరా పట్టుకొని అటూ ఇటూ తిరిగి "వరుస లేకుంట యాడికెల్లి మొదలువెట్టాలె టీచరమ్మా, నాకు కండ్లు తిరుగుతున్నయి" అన్నారు. చివరికి మిద్దె మీదికి కట్టి వదిలేసిన మెట్లెక్కి తీశారు.

ప్రియాంక ఎక్కడుందో వెతుకు. గోడ కింద, పసుపు గౌను. కుడి వైపు చివర నిలబడి నవ్వుతున్నది నేను. ప్రియాంక తల పైన, గోడ మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్న పిల్ల సుస్మిత. గుండ్లపోచంపల్లిలో కొత్తగా కట్టిన కాలనీ నుంచి వస్తుంది. తాత జానకిరామయ్య గారు పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ప్రియాంక, ఆ పిల్ల ఒకరిని విడిచి ఒకరు ఉండరు. మన పిల్లకు అలాంటి స్నేహం దొరికిందని నాకు ఎంతో తృప్తిగా ఉంది.

చలి ముదురుతున్నది. పొద్దున గోదాముకు పోయేటప్పుడు చెవులకు రుమాలు కట్టుకో.

నీ చెల్లె
రోజారాణి


నాగ్‌పూర్,
1 డిసెంబర్ 2002

చెల్లె రోజకు అన్న పరమేష్ దీవెనలు.

నేను మంచిగున్న. సంత్రా పండ్ల లారీలు షురువైనయి. పొద్దుగాల నుంచి మోసుడే మోసుడు. ఒళ్ళంత సంత్రా వాసన. తినబుద్ధయితలేదు.

ఫోటో అందింది. నలుగురం ఒక్క రూముల ఉంటం గద, అందరికి సూపెట్టిన. గిదే నా బిడ్డ, గామె నా చెల్లె, టీచరు అని చెప్పిన. మస్తు సంబురమయింది. గండయ్య అని నిజామాబాదాయన ఉన్నడు. పెద్దమనిషి. ఆయన ఫోటోను బల్బు కిందికి వట్టుకపోయి జూసి ఒక మాట అడిగిండు. నాకు జవాబు తెల్వలే. గందుకని నిన్ను అడుగుతున్న.

ప్రియాంక ఒళ్ళె చెప్పులున్నయి. రెండు సేతులతోని పట్టుకున్నది. గవి ఎవరియి?

ఎక్కువ రాయ రాదు నాకు, నీకెరుకే. అమ్మకు మందులు టైముకు ఏసుకొమ్మను.

నీ అన్న
పరమేష్


మేడ్చల్,
6 డిసెంబర్ 2002

అన్నకు,

నీ ఉత్తరం చేరింది. నీ రాత మునుపటి కన్నా గుండ్రంగా అయింది. రాత్రి బడిలో నీకు అక్షరాలు నేర్పిన సారు చూస్తే సంతోషిస్తారు.

చెప్పుల కోసం నువ్వు కంగారు పడకు. ప్రియాంకవి తెగిపోలేదు, పారేసుకోలేదు. ఆమెవి ఆమె కాళ్ళకే ఉన్నాయి, గౌను కింద కనబడడం లేదు, అంతే. ఒళ్ళో ఉన్నవి సుస్మితవి. గోడ ఎక్కడానికి విప్పింది. కొత్తవి కదా, మట్టిలో పెట్టడమెందుకని ప్రియాంక పట్టుకున్నది. వాటికి బంగారు రంగు పట్టీలు ఉన్నాయి, ఫోటోలో కూడా మెరుస్తున్నాయి చూడు. మన పిల్లకు అలాంటివి కావాలనిపించిందేమో అని నీ మనసుకు అనిపించి ఉంటుంది. నేను అడిగాను. వద్దన్నది. కాబట్టి అక్కడ చెప్పుల దుకాణాలు వెతుకుతూ తిరగకు.

ఇక్కడ మాత్రం ఫోటో ఇళ్ళకు పంపిన రోజు నుంచి నాకు తలనొప్పిగా ఉంది. రోజుకొకరు గేటు దగ్గరికి వస్తున్నారు. నిన్న మార్కెట్‌కు పోతే కూరగాయల సత్యమ్మ, ఆమె కూతురు నా తరగతే, వంకాయలు తూస్తూ తూస్తూ తక్కెడ కింద పెట్టేసింది.

"ఏంది టీచరమ్మా, గదొక ఫోటోనా? తెల్లారకముందు లేసి తలకు నూనె రాసి, రెండు జడలేసి, రిబ్బన్లు గట్టి తోలిన. నువ్వేమో జుట్టంత మొకం మీదికి వోసి దీపిచ్చినవ్. బడికి వోయిన పిల్ల తీర్గ లేదు. జాతరల తప్పిపోయిన పిల్ల తీర్గ ఉన్నది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "గంతే గాదు, తప్పిపోయిన పిల్ల అని పేపర్ల ఎయ్యాలన్నా మొకం సక్కగ కనవడాలె గద" అని పక్క దుకాణపు ఆమె అందుకున్నది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి వంట చేస్తుంటే మాత్రం ఆ మాట గుచ్చుకుంది.

వచ్చే శనివారం తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. వాళ్ళకు ఎట్లా చెప్పాలో రాసుకుంటున్నాను. పిల్లలు భయపడకుండా ఉండే బడి ఎంత మంచిదో చెబితే అర్థం చేసుకోరా?

నీ చెల్లె
రోజారాణి


నాగ్‌పూర్,
13 డిసెంబర్ 2002

రోజకు,

నేను అడిగింది గది కాదు. తెగిన చెప్పుల ముచ్చట కాదు, బంగారు పట్టీల ముచ్చట కాదు. మూడు దినాల సంది కూసోని గీ ఉత్తరం రాస్తున్న. తప్పులుంటె సదురుకో.

నువ్వప్పటికి ఊయలల ఉన్నవ్. నాకు ఎనిమిదేండ్లు. పటేల్ కొడుకు చెరువు కాడికి వస్తుండె. నా ఈడోడే. వానికి ఈత నేర్పింది నేను. ఈత వచ్చినంక నన్ను గట్టు మీద కూసోవెట్టి వాడు దిగేది. వాని చెప్పులు నా ఒళ్ళె వెట్టుకోని కూసునేది నేను. వాడు పట్టుకొమ్మనలే. నాకు నేనే పట్టుకున్న. వాడు నాకు దోస్తని పట్టుకున్న.

ఒకనాడు నాయిన జూసిండు. ఇంటికొచ్చి అన్నం తినలే. పటేల్ వాకిలి ముందర నుంచి పోవాల్నంటె నాయిన చెప్పులిప్పి సంకల వెట్టుకునేటోడు. గది నీకు గూడ చెప్పిన. గాయినకు గది అలవాటే. నా ఒళ్ళె వాని చెప్పులు జూసుడు అలవాటు లేదు. పండుగ నాడు చేపలు వట్టుకోని వాళ్ళింటికి పోతె, గా పిలగాడు నన్ను జూసి "ఎవరో చేపలోళ్ళు వచ్చిన్రు" అని లోపటికి కేకేసిండు.

నిన్ను బడికి తోలుమని నాయినతోని కొట్లాడింది గందుకే. నువ్వు నాలుగో తరగతిల ఉన్నప్పుడు దీసిన ఫోటో ఇంట్ల ఇంకా గోడకున్నది. పటేల్ పెద్దకొడుకు బిడ్డ, నువ్వు ఒక్క బల్ల మీద. కింద అచ్చుల ఆమె పేరు, పక్కన నీ పేరు. నాయినకు సదువు రాదు. అయినా వచ్చినోళ్ళకు వేలు వెట్టి సూపెట్టేది, గిది నా బిడ్డ పేరు అని. సచ్చేదాక సూపెట్టిండు.

గా వరుస జూస్తె నీకు బాధయిందని రాసినవ్. వరుస దీసేస్తె ఏమైంది జూసినవా? ఎవ్వలు జెప్పలే, ఎవ్వలు తొయ్యలే. పెద్దోళ్ళ పిల్ల గోడ మీద కూసున్నది. మన పిల్ల కింద కూసున్నది, చెప్పులు వట్టుకోని. నువ్వు పక్కన నిలవడి నవ్వుతున్నవ్.

ఫోటో పెట్టెల వెట్టిన. ఎవ్వలకు సూపెడ్తలేను.

పరమేష్


మేడ్చల్,
22 డిసెంబర్ 2002

అన్నకు,

నీ ఉత్తరం అందింది. నాయిన అన్నం తినని సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నువ్వు పడింది నేను పడలేదు, ఒప్పుకుంటాను. నా చదువు నీ రెక్కల మీద నడిచిందని ఏ రోజూ మరువలేదు.

కాని అన్నా, అప్పటి గట్టు వేరు, ఇప్పటి గోడ వేరు. ఈ పిల్లలకు పటేల్ ఎవరో తెలియదు. నీ మాట విన్నాక నేను ఊరికే ఉండలేదు. ప్రియాంకను, సుస్మితను ఇద్దరినీ పిలిచి, "చెప్పులు ఆమె పట్టుకోమన్నదా, నువ్వే పట్టుకున్నావా?" అని అడిగాను. ప్రియాంక వెంటనే "నేనే పట్టుకున్న మేడం" అన్నది. సుస్మిత కూడా తల ఊపింది. నేను నీకు అబద్ధం రాయను. నీ చిన్నప్పటి నొప్పిని నువ్వు ఈ ఫోటోలో చూస్తున్నావేమో, ఒకసారి ఆలోచించు.

మీటింగ్ జరిగింది. నేను రాసుకున్నది సగం కూడా చెప్పనివ్వలేదు. గండిమైసమ్మ దగ్గర ఆటో నడిపే గౌరయ్య ఫోటో పైకెత్తి పట్టుకొని లేచాడు.

"అందరి పిల్లల మొకాలున్నయి, మా పోరని వీపున్నది. వీపు ఫోటోకు దండెట్ల ఎయ్యాలె, దండం ఎట్ల వెట్టాలె మేడం?"

"బతికున్న పిల్లవాడికి దండ ఎందుకు?" అన్నారు సుశీల మేడం.

"మాటకు జెప్పిన. కింద పేర్లన్న లేకపాయె. రేపు వాడు పెద్దగై గిది నా వీపే అంటె ఎవడు నమ్ముతడు?"

అందరూ సిద్దిరాములు గారి మీద పడ్డారు. ఆయన "నన్ను తిట్టకుండ్రి. టీచరమ్మ జెప్పింది, నేను నొక్కిన" అని నా వైపు చూపించారు. టీచరు నడుమ కూర్చోకుండా మూలకు నిలబడడమేమిటి, గౌరవం లేదా అని ఒకాయన అడిగాడు. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చినంత పనయింది.

అప్పుడు జానకిరామయ్య గారు లేచి నా పక్షాన మాట్లాడారు. "మా ఇంట్లో ఈ ఫోటో అద్దం కట్టించి హాల్లో పెట్టాం. పిల్లలు పిల్లల్లా ఉన్నారు. మా సుస్మితను చూడండి, గోడెక్కి మహారాణిలా కూర్చుంది. కింద ఆ పసుపు గౌను అమ్మాయి చూడండి, ఎంత ఒద్దికగా ఉందో. ఆ పిల్ల ఎవరోగాని మంచి పెంపకం" అన్నారు. మా మేనకోడలండీ అని చెప్పాను. ఆయన చేతులు జోడించారు. ఆ ఒక్క మాటతో నా బాధంతా పోయింది. నీకు రాయాలని ఆ సాయంత్రమే అనుకున్నాను.

చివరికి ఏదీ తేలలేదు. వింత ఏమిటంటే, కొత్త కాలనీల నుంచి వచ్చిన వాళ్ళందరికీ ఫోటో నచ్చింది, మార్కెట్ వాళ్ళకు, ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళకు నచ్చలేదు. చదువుకోని వాళ్ళకు కొత్తది ఏదైనా అర్థం కావడానికి టైం పడుతుందని మేడం అన్నారు. నాకూ అట్లాగే అనిపించింది.

అర్ధ సంవత్సర పరీక్షల్లో ప్రియాంకకు లెక్కల్లో ఎనభై ఎనిమిది వచ్చాయి. ఫోటోను పెట్టెలోంచి తీసి మళ్ళీ ఒకసారి చూడు అన్నా. ఆమె ముఖం చూడు, చేతులు కాదు.

నీ చెల్లె
రోజారాణి


నాగ్‌పూర్,
30 డిసెంబర్ 2002

రోజారాణి టీచర్‌కు,

సదువుకోనోళ్ళకు సమజ్ కాదని రాసినవ్. నేను సదువుకోనోన్నే. రాత్రి బడిల నేర్సుకున్న నాలుగక్షరాలతోని నీకు రాస్తున్న.

సుస్మిత తాత మన పిల్ల ఒద్దికను మెచ్చుకున్నడు. పటేల్ గూడ నన్ను మెచ్చుకున్నడు. మంచి పోరడు, చెప్పులు పైలంగ జూస్తడు అన్నడు. గా మెచ్చుకోలు మాకు వద్దు.

మీ వదిన దుర్గాబాయికి ఫోన్ల కబురు జెప్పిన. జనవరి ఆరు, సోమవారం నాడు నీ తానకొస్తది. టీసీ తీస్కోని ప్రియాంకను తోల్కపోతది. శామీర్‌పేట సర్కారు బడిల ఏస్తం. ఆడ బల్లలు గూడ లేవని ఎరుకే. అందరు కిందనే కూసుంటరు. కిందనే కూసుంటె అందరు కిందనే కూసోవాలె.

నువ్వు మా బిడ్డను మూడేండ్లు సాదినవ్. గది మరువను. ఇగ నీకు తిప్పల వద్దు.

పరమేష్


మేడ్చల్,
9 జనవరి 2003

అన్నకు,

వదిన వచ్చింది. ప్రియాంక ఇంకా నా దగ్గరే ఉంది. ఎందుకో మొత్తం చదివిన తర్వాత తిట్టు.

సోమవారం పన్నెండు గంటలకు వదిన నేరుగా బడికి వచ్చింది. టీసీ మీద సంతకం పెట్టవలసిన సుశీల మేడం బ్యాంకుకు పోయారు. ఇద్దరం స్టాఫ్ రూం వరండాలో కూర్చున్నాం. అన్నం గంట కొట్టారు. పిల్లలు గబగబా తిని ఆటకు దిగారు.

"ఏది, నా బిడ్డ ఎవరితోని ఆడుతాంది?" అని వదిన అడిగింది.

"అదిగో, ఆ గుంపులోనే. తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు" అన్నాను.

"గుంపుల లేదు. గోడ కాడున్నది."

నిజమే. ఐదుగురు ఆడుతున్నారు. ప్రియాంక గోడకు ఆనుకొని నిలబడి ఉంది. చేతుల్లో సుస్మిత బూట్లు. మెడలో రెండు నీళ్ళ సీసాలు, ఒకటి తనది, ఒకటి సుస్మితది. మిగతా పిల్లల బూట్లు గోడ పక్కన మట్టిలోనే ఉన్నాయి. ప్రియాంక నవ్వుతూనే ఉంది, ఎవరైనా గీత తొక్కితే అందరికన్నా ముందు అరుస్తూనే ఉంది.

"ఆమె వంతు ఎప్పుడొస్తది?" అన్నది వదిన.

"వస్తుంది" అన్నాను.

గంట కొట్టే దాకా చూశాం. రాలేదు.

"దినాం గిట్లనేనా రోజా?"

తెలియదు అని చెప్పబోయాను. కాని నాకు తెలుసు. జూన్ నుంచి ఆ వరండాలోంచి నేను రోజూ చూస్తున్నాను. అన్నా, చూస్తున్నాను కాని నాకు అందులో ఏమీ కనబడలేదు. వదినకు అరగంటలో కనబడింది.

ఎందుకు కనబడలేదో మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. నేను బి.ఎడ్. చదివిన హాస్టల్లో మా గదిలో ఐదుగురం. తెల్లవారకముందే లేచి ఐదుగురి బకెట్లూ నేనే నింపేదాన్ని. ఎవరూ అడగలేదు. నింపితే "మా రోజ బంగారం" అనేవాళ్ళు, బజారుకు పోతే వెంట తీసుకుపోయేవాళ్ళు. ఒకసారి నాకు జ్వరం వచ్చి నింపలేదు. ఆ రోజు వాళ్ళు నన్ను ఏమీ అనలేదు. ఊరికే నాతో ఎక్కువ మాట్లాడలేదు, అంతే. మర్నాడు జ్వరంతోనే లేచి నింపాను. అదంతా నా మంచితనం అనుకున్నాను. నీకు గొప్పగా కూడా చెప్పాను, గదిలో అందరూ నన్ను ప్రాణంగా చూసుకుంటారని. నువ్వు ఒళ్ళో చెప్పులు చూసి మూడు ఉత్తరాలు రాయవలసి వచ్చింది. నేను అదే పని చేసుకుంటూ టీచర్‌నయ్యాను.

సాయంత్రం గదిలో వదిన ప్రియాంకను ఒళ్ళో కూర్చోబెట్టుకొని అడిగింది. ఈసారి సుస్మిత ఎదురుగా లేదు.

"పట్టుకోకపోతె ఏమయితది బిడ్డా?"

"ఏం గాదు. నీ వంతు రేపు అంటరు."

"పట్టుకుంటె?"

"అప్పుడు గూడ రేపే అంటరు. గని నేను జట్టుల ఉన్నట్టు లెక్క."

తర్వాత ప్రియాంక నా వైపు తిరిగి, "బాపుకు రాయకు అత్తమ్మా. బాపు జూస్తడనే ఫోటోల మంచిగ నవ్విన" అన్నది. నేను రాస్తున్నాను. రాయకుండా ఉంటే ఇంకో తప్పవుతుంది.

మర్నాడు పొద్దున వదిన టీసీ తీసుకోనన్నది. "గిప్పుడు తోల్కపోతె తప్పు జేసింది నా బిడ్డే అన్నట్టయితది. మీ అన్నకు రాయి. ఆయన ఏమంటె గది" అని బస్సెక్కింది.

సుస్మితను పిలిచి మాట్లాడాను. కోపంగా కాదు. ఆ పిల్ల బిత్తరపోయి "మేడం, తనే పట్టుకుంటానంటుంది" అన్నది. అబద్ధం కాదు. నీ బూట్లు నువ్వే చూసుకో అని మాత్రం చెప్పాను.

మంగళవారం నుంచి ప్రియాంక పట్టుకోవడం లేదు. వాళ్ళు ఆటకు పిలవడం లేదు. తిట్టడం లేదు, కొట్లాట లేదు. పిలవడం లేదు, అంతే. అందుకని అన్నం గంటకు ఆమెను నాతో స్టాఫ్ రూంలో కూర్చోబెట్టుకుంటున్నాను. సగం తిని డబ్బా మూసేస్తుంది.

బల్లలు వేయించి ఫోటో మళ్ళీ తీయిద్దామని నేనే మేడంను అడిగాను. మా అన్న చెప్పింది నిజమని, నాది తప్పని చెప్పాను. చూద్దామన్నారు. నువ్వు ప్రియాంకను తీసుకుపొమ్మంటే నేనే వెంటబెట్టుకొని ఊళ్ళో దింపుతాను. నీకు ఎదురు చెప్పే ముఖం నాకు లేదు.

రోజ


నాగ్‌పూర్,
17 జనవరి 2003

చెల్లె రోజకు అన్న దీవెనలు.

నీ ఉత్తరం నేనే సదివిన. గండయ్య సదువుతనన్నడు గని ఇయ్యలే. శాన గంటలు వట్టింది. బకెట్ల కాడ ఆగిన. నిన్ను బడికి తోలి నేను గెలిచిన అనుకున్న. నువ్వు ఆడ నీళ్ళు మోస్తున్నవని నాకెట్ల తెలుస్తది. జ్వరంల మోసినవా. ఒక్క మాట రాయకపోతివి.

టీచర్‌కు అని రాసినందుకు మనసుల వెట్టుకోకు. కోపంల రాసిన. పోస్టుల ఏసినంక డబ్బా కాడనే మస్తుసేపు నిలవడ్డ. చెయ్యి వట్టదు గద దాంట్ల.

ఫోటో మళ్ళ దీపియ్యకు. బల్లలేస్తె ఫోటోల వరుస వస్తది, ఆటల రాదు. గప్పుడు నువ్వు, నేను సంబురపడి గోడకు గొట్టుకుందుము. నా బిడ్డ దినాం గా బూట్లు మోసుకుంటనే ఉండేది. వచ్చే ఏడు బల్లలేసుకోండ్రి, పేర్లు రాసుకోండ్రి, గౌరయ్య కొడుకు మొకం గూడ దియ్యుండ్రి పాపం. గీ ఏడుది గిట్లనే ఉండనీ. పెట్టెలకెల్లి దీసి తలాపున వెట్టుకున్న.

ఇంకొక మాట. ప్రియాంకను స్టాఫ్ రూముల కూసోవెట్టకు. నీ తాన కూసుంటె టీచర్ మేనకోడలు అంటరు, ఇంకింత దూరం జరుగుతరు. బయటనే కూసోనీ. ఒక్కతే అయినా గూడ. సేతులు ఖాళీగ వెట్టుకోని కూసుండుడు నాకు రాలేదు, నీకు రాలేదు. అది కష్టమే. నేను గట్టు మీద నుంచి లేసి వచ్చినంక రెండేండ్లు ఎవ్వనితోని ఆడలే. సావలేదు గద.

టీసీ సంగతి నేను చెప్ప. పిల్లను అడుగు. పోతనంటె తోల్కపో, ఉంటనంటె ఉంచు. ఆమె ఏమన్నదో ఉన్నదున్నట్టు రాయి. నాకు మంచిగనిపియ్యాలని మార్చి రాయకు.

నీ అన్న
పరమేష్


మేడ్చల్,
31 జనవరి 2003

అన్నకు,

మార్చకుండా రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే అడిగాను. ప్రియాంక గోరు కొరుక్కుంటూ, "శామీర్‌పేట బడిల ఎవలన్న తెలుసా నాకు?" అన్నది. తెలియదు, కొత్తగా పరిచయం చేసుకోవాలి అన్నాను. "మరి గీడనే చేసుకుంట" అన్నది. ఏడ్చింది కూడా. ఏడ్చిన తర్వాత కూడా మాట మార్చలేదు. ఇక టీసీ అక్కర లేదని మేడంకు చెప్పేశాను.

ఇరవై మూడు నుంచి బయట కూర్చుంటోంది, ఆ కట్టి వదిలేసిన మెట్ల మీద, మూడో మెట్టు. మొదటి రోజు స్టాఫ్ రూం తలుపు దాకా వచ్చి నా వైపు చూసింది. నేను పుస్తకాలు దిద్దుతున్నట్టు తల వంచుకున్నాను. అంత కష్టమైన పని ఈ ఉద్యోగంలో నేను ఇంతవరకు చేయలేదు. కాసేపటికి వెనక్కి పోయింది.

ఆమె పక్కకు ఎవరైనా వచ్చి కూర్చున్నారని రాస్తే నీకు నెమ్మదిగా ఉంటుందని తెలుసు. రాలేదు. సుస్మిత రెండు సార్లు ఇటు చూసింది, తర్వాత తన ఆటలో పడిపోయింది. ఇప్పుడు ఆమె బూట్లు కూడా అందరివాటితో పాటు మట్టిలోనే ఉంటున్నాయి. సత్యమ్మ కూతురు ఒకసారి మెట్ల దగ్గర ఆగి ఏదో అడిగింది, ప్రియాంక జవాబు చెప్పింది, ఆ పిల్ల వెళ్ళిపోయింది. అంతకంటే ఏమీ జరగలేదు.

వరండాలో నిలబడి చూడడం నేను మానేశాను. నేను చూస్తున్నానని తెలిస్తే నా కోసం నవ్వుతుందని భయం.

డబ్బా మాత్రం రోజూ నేనే కడుగుతాను కాబట్టి నాకు తెలుస్తుంది. మొదటి రోజు మూత తీయలేదు. తర్వాత ఐదు రోజులు సగం మిగిలింది. నిన్న రెండు రొట్టె ముక్కలు మిగిలాయి. ఇవాళ డబ్బా ఖాళీగా వచ్చింది. ఏ కుక్కకైనా వేసిందేమోనని అడిగాను. "నేనే తిన్న. ఎండ మంచిగున్నది ఆడ" అన్నది. రేపు ఇంకో రొట్టె ఎక్కువ పెట్టమన్నది. పిండి కలిపి పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ చెల్లె
రోజ